శాలువాల మధ్య ఒక పరుగు

మొన్న పొద్దున కూరగాయల సంచితో ఇంటి మెట్లెక్కుతుంటే ఆదిలాబాద్ నుంచి మా చెల్లె కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల అక్కడ డిగ్రీ చదువుతూ, నలుగురు స్నేహితురాళ్ళను వెంటేసుకుని తమ కాలేజీ విద్యార్థుల పత్రికను ఇంటర్‌నెట్‌లో నడుపుతోంది. పలకరింపు కూడా లేకుండా, "మామా, ఫొటో ఎక్కుతలేదు. ఎన్నిసార్లు పెట్టినా ఫైలు పెద్దగున్నదంటుంది. నీకు ఎరుకనే కదా గివన్నీ, జర చెప్పు" అంది. నా చేతిలో సంచి ఒరిగి రెండు బీరకాయలు మెట్ల మీదుగా కింది వాటా వాళ్ళ గడప దాకా దొర్లిపోయాయి. వాటిని ఏరుకోవడం కూడా మరిచి అక్కడే కూర్చున్నాను. ఫొటో ఎక్కడం లేదన్న మాట వింటే ఇరవై ఏళ్ళు దాటిన తర్వాత కూడా నా అరచేతులకు చెమట పడుతుందని ఆ పిల్లకేం తెలుసు?

నెట్ సెంటర్లలో గంట లెక్కన కూర్చుని, తెర మీద నీలం గీత జరుగుతుంటే ఊపిరి బిగబట్టిన మన తరం వాళ్ళకైతే వేరే చెప్పనక్కర్లేదు. నేను కోతలరాయుణ్ణని మా బంధువర్గంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, దాన్ని నేనెప్పుడూ కాదనలేదు. అయితే ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది జరిగినట్టు. ఎందుకంటే, నా కోతలవల్లనే ఒక పిల్ల చదువు ఆగిపోయే దాకా వచ్చిన కథ ఇది.

అప్పుడు నేను కరీంనగర్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం. చెల్లె అదే కాలేజీలో మొదటి సంవత్సరం. చెల్లె అంటే మా చిన్నబాపు బిడ్డ, అంటే మా నాన్న తమ్ముడి కూతురు. మాది జమ్మికుంట దగ్గర పత్తి పండించే పల్లె. చిన్నబాపు దుబాయిలో భవనాలకు ఇనుము కట్టే పనికి పోయి అప్పటికి చాలా ఏళ్ళు. రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవాడు. అలా వచ్చినప్పుడే ఒకసారి ఆయనకు నేనొక ముచ్చట చెప్పాను. చెన్నూరు దగ్గర గోదావరిలో వల వేస్తే ఎడ్లబండంత చాప పడిందనీ, కోస్తే కడుపులో బస్సు టైరు ఉందనీ, ఆ టైరులో గాలి ఇసుమంత కూడా తగ్గలేదనీ. నేను కళ్ళు తిప్పుతూ, చేతులు చాపుతూ చెబితే పాపం ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకుంటే బాగుండేది, తిరిగి పోయాక క్యాంపులో అందరికీ చెప్పాడు. అప్పటినుంచి అక్కడ మనవాళ్ళు ఆయన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "టైరు చాప" అని పిలవసాగారు. ఎడారి ఎండలో పన్నెండు గంటలు ఇనుము వంచి వచ్చిన మనిషికి అన్నం పళ్ళెం ముందు ఆ పిలుపు ఎంత చురుక్కుమనేదో, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చెల్లె పరుగు పందేల పిల్ల. ఊళ్ళో ఎవరో పుణ్యాత్ముడు చిన్నబాపుకు ఫోన్ చేసి, పిల్ల చదువు పక్కనపెట్టి లాగు తొడుక్కుని మైదానాల్లో ఉరుకుతోందని చేరవేశాడు. ఆయన మా చిన్నమ్మతో ఒకటే మాట అన్నాడు, పిల్లను కాలేజీ మాన్పించి ఇంటికి తెచ్చుకొమ్మని. సరిగ్గా ఆ వారమే యూనివర్సిటీ పోటీలు. నేను మా కాలేజీ విద్యార్థుల పత్రికకు విలేకరినీ, సంపాదకుణ్ణీ, వెబ్‌సైటు చూసేవాణ్ణీ, అన్నీ నేనే కాబట్టి, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ దగ్గర ఒక డిజిటల్ కెమెరా బతిమాలి తీసుకుని జట్టు వెంట పోయాను. ఎనిమిది వందల మీటర్ల పరుగులో చెల్లె మొదట వచ్చింది. గీత దాటుతున్న క్షణంలో నేను ఫొటో కొట్టాను. నా జీవితంలో చెయ్యి వణకకుండా తీసిన ఫొటో అదొక్కటే.

గురువారం పొద్దుగూకే వేళకు కరీంనగర్ తిరిగొచ్చాము. చిన్నబాపు మా హాస్టల్ వార్డెను గదిలోని ఫోనుకు చేశాడు. చెల్లె ఫస్టు వచ్చిందని నేను ఎగిరి గంతేసి చెప్పాను.

"నువ్వు చెప్తే నమ్మాల్నారా?" అన్నాడు చిన్నబాపు. "టైర్ల గాలి ఇంకా ఉన్నదా, పోయిందా?"

ఒట్లు పెట్టుకున్నాను. కన్న అవ్వ మీద పెట్టాను, బాపు మీద పెట్టాను. ఆయన మెత్తబడలేదు. ఆఖరికి, క్యాంపు ఆఫీసులో కంప్యూటర్ ఉందనీ, శుక్రవారం సెలవు కాబట్టి అక్కడి గుమాస్తా పదకొండు దాకా చూడనిస్తాడనీ, కాలేజీ పత్రికలో పిల్ల ఫొటో కనపడితే చదువుకోనిస్తాననీ, లేకుంటే శనివారం పొద్దున మా చిన్నమ్మ వచ్చి సామాను సర్దుకుని తీసుకపోతుందనీ ఖరాఖండిగా చెప్పాడు. అక్కడి పదకొండంటే ఇక్కడి పన్నెండున్నర. నేను ఆ ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే వార్డెను గది గుమ్మం దగ్గర చెల్లె నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది.

ఇక్కడ మా వెబ్‌సైటు సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో మనం తెలుగులో కొట్టిన అక్షరాలు ఇంకో ఊరి కంప్యూటర్లో తెరిస్తే కోడి గీకినట్టు కనపడేవి. అందుకని వార్తను కాలేజీ ల్యాబులో తెలుగులో కొట్టి, దాన్ని కూడా ఒక ఫొటోలా మార్చి సైటులో పెట్టేవాళ్ళం. అంటే ఫొటో ఒక బొమ్మ, దాని కింది రాత ఇంకో బొమ్మ. ఆ శుక్రవారం ల్యాబులో ప్రాక్టికల్ పరీక్షలు, లోపలికి ఈగను కూడా రానివ్వరు. రాత తయారు చేయడానికి దారి లేదు. ఫొటో ఒక్కటి సీడీలో పెట్టుకుని, చెల్లెను వెంటబెట్టుకుని, పదిన్నరకు బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పోయాను.

దాని యజమాని మాకు భాయ్. పొద్దున్నే కొట్టు తెరిచి ఊదువత్తి వెలిగించి, వచ్చిన ప్రతివాడి చేతా బూట్లు విప్పించి లోపలికి పంపే శుభ్రమైన మనిషి. శుక్రవారం పన్నెండున్నర కొట్టిందంటే షట్టరు దించి నమాజుకు పోవాల్సిందే. ఆ సంగతి ముందే చెప్పాడు. రెండు గంటలుంది కదా, రెండు గంటల్లో గోదావరినే అప్‌లోడ్ చేస్తానని గొప్పలకు పోయాను.

మొదటిసారి నీలం గీత తొంభై దాకా పోయి ఆగింది. ఒక ఇంగ్లీషు పెట్టె వచ్చింది. ఓకే నొక్కి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తొంభై దగ్గరే ఆగింది. మళ్ళీ అదే పెట్టె, మళ్ళీ ఓకే. నెట్ నెమ్మదిగా ఉందనుకుని భాయ్‌ని మూడో నంబరు సిస్టం అడిగాను. అందులోనూ అంతే. పదకొండుంబావు. ఫొటో పెద్దదేమోనని దాన్ని నాలుగోవంతుకు కుదించాను. అంత చేశాక గీత చకచకా జరిగింది. చెల్లె కుర్చీ అంచుకు వచ్చింది. నేను గెలిచినట్టే మీసం మీద చెయ్యి వేశాను, నిజానికి అప్పటికి అక్కడ మీసమనదగ్గది ఏమీ లేదు. గీత చివరంటా పోయి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, ఆ దిక్కుమాలిన పెట్టెనే మళ్ళీ ముందుకు తోసింది. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

నేను ఓకే నొక్కబోతుంటే చెల్లె నా చెయ్యి పట్టుకుంది.

"గంత తొందరేందన్నా? ఏమంటుందో సదువరాదు?"

నిజం చెప్పొద్దూ, మాలో ఎవరమూ ఆ పెట్టెలను చదివేవాళ్ళం కాదు. ఇంగ్లీషులో ఏదైనా వస్తే చదవకుండా ఓకే కొట్టడమే అప్పట్లో మా కంప్యూటర్ విద్య. చెల్లె వేలు పెట్టి ఒక్కో మాటే కూడబలుక్కుని చదివింది. చదివి నా వైపు తిరిగింది.

"జాగ లేదంటుందన్నా. నిండిపోయిందట."

ఫోల్డరు తెరిచాను. శాలువాలు. ఎక్కడ చూసినా శాలువాలే. మా పత్రికకు పెద్దదిక్కైన తెలుగు సారు నియమం ఒకటుంది. కాలేజీ గడప తొక్కిన ప్రతి పెద్దమనిషికీ ఒక శాలువా కప్పాలి, కప్పినట్టు ఫొటో తీయాలి, ఆ ఫొటో సైటులో పెట్టాలి, పెట్టింది ఎన్నటికీ తీయకూడదు. ఎందుకంటే ఆ పెద్దమనుషులు నెలకోసారైనా తమ మనుషులతో సైటు తెరిపించి, తమ శాలువా అక్కడే ఉందా అని చూసుకునేవాళ్ళు. వాటిని కుదించాలన్న జ్ఞానం కూడా లేకుండా గోడకు అంటించే పోస్టరంత సైజులో పెట్టింది మళ్ళీ నేనే. సైటుకు ఉన్న కాస్త జాగాలో ఒక్కొక్కరు భోజనాల బంతిలో కూర్చున్నట్టు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. పరుగెత్తే పిల్లకు కాలు మోపే చోటు లేదు.

ఎదురుగా ఉన్న కాయిన్ బాక్సుకు ఉరికి సారుకు ఫోన్ చేశాను. ఒకరి శాలువా తీయనివ్వండని అడిగాను. సారు ఆ మాట విని ఆవలి నుంచే దగ్గారు. "ఎవరి శాలువా తీసినా వాళ్ళొచ్చి నన్ను తీసేస్తర్రా నాయనా, సోమవారం చూద్దాం" అని పెట్టేశారు. సోమవారం నాటికి చెల్లె మా ఊళ్ళో పత్తి చేనులో ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి పన్నెండుంబావు. భాయ్ అప్పటికే టోపీ పెట్టుకుని, షట్టరు దించే కొక్కెం చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మిగతా అందరూ లేచిపోయారు. చెల్లె ఒక్కతే తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"క్యా మియా, గోదారి ఎక్కిందా?" అన్నాడు. నా మొహం చూసి వెంటనే గొంతు మార్చాడు. "ఏంది పరేషాన్? అసల్ సంగతి చెప్పు."

చెప్పాను. దుబాయి, చిన్నబాపు, శాలువాలు, అన్నీ ఒక్క ఊపిరిలో. ఆయన విని పెదవి విరిచాడు.

"మా అబ్బాజాన్‌ది కిరాణం దుకాణం. ర్యాకు నిండితే కొత్త డబ్బ ఎట్ల పెడ్తరు? పాత డబ్బ తీసి, గదే జాగల కొత్త డబ్బ పెడ్తరు. గంతే. నువ్వు చదువుకున్నోనివి, నీకు నేను చెప్పాల్నా? జల్దీ కానీ, పది నిమిషాలు ఆగుత. నమాజుకు ఆలస్యమైతే పాపం నీదే."

అదే జాగాలో! నా బుర్రలో దీపం వెలిగింది. పాత ఫొటోను తీసి, సరిగ్గా దాని పేరుతోనే చెల్లె ఫొటోను పెడితే పేజీని ముట్టుకోనక్కర్లేదు, ల్యాబుతో పనిలేదు, పెద్దమనిషి కూర్చున్న చోట చెల్లె వచ్చి నిలబడుతుంది. కాకపోతే కింది రాత మాత్రం ఆ పెద్దమనిషిదే ఉంటుంది. మొదటి పేజీలో ఒక పూర్వ విద్యార్థి శాలువా ఉందనీ, దాని కింద "కళాశాల కీర్తిని దశదిశలా చాటిన ఆణిముత్యం" అని రాసి ఉందనీ గుర్తొచ్చింది. ఆ రాత చెల్లెకు కూడా అతికినట్టు సరిపోతుంది. దాన్నే తీయాలనుకున్నాను.

అనుకోవడమే, ఏది అదో ఎట్లా తెలుస్తుంది? మొదటి పేజీ ఫొటోల పేర్లన్నీ శాలువా ఒకటి, శాలువా రెండు. తెరిస్తే పైనుంచి కిందికి పేను పాకినట్టు వచ్చేవి. ముందు గోడ, గోడ మీది గడియారం, తర్వాత పైకప్పు ఫ్యాను, ఆ తర్వాత ఎప్పటికో ఒక నున్నటి తల. ఏడో నంబరు తెరిస్తే గోడ, గడియారం, ఫ్యాను. తొమ్మిదో నంబరు తెరిస్తే గోడ, గడియారం, ఫ్యాను. పన్నెండుంబావు మీద ఏడు నిమిషాలు. భాయ్ కొక్కెంతో షట్టరును సగం దించాడు. లోపల చీకటి పడి తెర వెలుగులో చెల్లె మొహం మాత్రమే కనపడుతోంది.

"అన్నా," అంది నెమ్మదిగా, "ఎవలో ఒగలను తియ్యి."

ఏడో నంబరును తీసేశాను. చెల్లె ఫొటోకు ఏడో నంబరు పేరు పెట్టి నొక్కాను. గీత పది, ఇరవై, నలభై. భాయ్ చూపు గోడ గడియారం మీదే ఉంది. అరవై. చెల్లె కళ్ళు మూసుకుంది. తొంభై దగ్గర గీత ఆగింది. నాకు మా చిన్నమ్మ హాస్టల్ మెట్లెక్కుతూ కనపడింది, చెల్లె ట్రంకుపెట్టె కనపడింది, చివరికి గోదావరి చాప కూడా నోరు తెరిచి కనపడింది. తర్వాత ఎందుకో గీత కదిలింది. పెట్టె రాలేదు. మొదటి పేజీ తెరిస్తే గోడా లేదు, గడియారం లేదు, ఫ్యానూ లేదు, పైనుంచి నీలాకాశం దిగుతోంది. ఆకాశం కింద చెల్లె జుట్టు, నుదురు, బిగించిన పళ్ళు. కాళ్ళ దాకా రాకముందే భాయ్ "అల్‌హందులిల్లా" అని మమ్మల్ని బయటికి తోసి షట్టరు దించేశాడు. పన్నెండు ఇరవై ఎనిమిది.

ఫొటో కింది రాతను చదివే సమయం మాకు చిక్కలేదు.

ఆ మధ్యాహ్నమంతా హాస్టల్ వార్డెను గది ముందున్న అరుగు మీద ఇద్దరమూ కూర్చున్నాము. ఫోను మోగినప్పుడల్లా లేవడం, అది ఇంకెవరికోసమో అని తెలిసి కూలబడడం. చిన్నబాపు చూశాడో లేదో. చూసినా లాగు చూసి ఇంకా మండిపడ్డాడేమో. చెల్లె గోటితో అరుగు సున్నం గీకుతూ ఉండిపోయింది. అయిదు గంటలకు ఫోను వచ్చింది. రిసీవరు నాకూ చెల్లెకూ మధ్యలో పట్టుకున్నాను.

"పిల్ల కాళ్ళకు బూట్లు లేవేందిరా?" అన్నాడు చిన్నబాపు.

చెల్లె ఎప్పుడూ ఉత్త కాళ్ళతోనే ఉరికేది. మాకు అది వింతగా కనపడలేదు. అంత దూరంలో ఉన్న మనిషికి అదొక్కటే కనపడింది.

"ఉత్త కాళ్ళతోని ఉరికిందా? ముండ్లు, రాళ్ళు ఏం సూడకుంట? నాకు ఎవ్వలు చెప్పకపోతిరి." ఆ గొంతు మామూలు గొంతు కాదు. అంతలోనే మళ్ళీ అన్నాడు, "గది సరే గని, కింద ఇంకేందో రాసున్నది. కళాశాలకు మూడు ఫ్యాన్లు బహూకరించిన మహాదాతకు ఘన సన్మానమట. నా బిడ్డ ఫ్యాన్లెప్పుడిచ్చిందిరా?"

ఏడో నంబరు ఆణిముత్యం కాదు. కాలేజీకి ఫ్యాన్లు ఇచ్చిన పత్తి వ్యాపారి. ఒక్క క్షణంలో నాలుగు కథలు నాలుక చివరికి వచ్చాయి, ఒక్కోటి గోదావరి చాపను మించినది. వాటన్నిటినీ మింగి, శాలువాల దగ్గరనుంచి కిరాణం డబ్బా దాకా జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అవతల నవ్వు వినపడింది.

"గిదైతే నిజమే అయ్యుంటది. అబద్ధమైతే ఇంకా మంచిగ చెప్తుంటివి." చెల్లెను పిలవమన్నాడు. పక్కనే ఉందని చెప్పాను. "సదువుకో బిడ్డ," అన్నాడు. "ఉరుకు. మీ అవ్వకు నేను చెప్త."

సోమవారం నేను ఎట్లా బతికి బయటపడ్డానో అడగకండి. ఫ్యాన్ల దాత మనుషులు తరగతి గది దాకా వచ్చారు. సారు వాళ్ళను చల్లబరిచి పంపి, నా దగ్గర పాస్‌వర్డు లాక్కున్నారు. నా సంపాదకత్వం ఆనాటితో సరి. కానీ ఆ సాయంత్రం సైటు తెరిస్తే దాత తన చోట తాను శాలువాతో ఉన్నాడు. చెల్లె కూడా మొదటి పేజీలోనే ఉంది, కింద ఆమె పేరు, ఆమె పందెం సరిగ్గా రాసి ఉన్నాయి. జాగా ఎక్కడిదా అని వెతికితే ఒక్క శాలువా తగ్గింది. సారు ఎవరినీ తీయలేదు, తనది తానే తీసేసుకున్నారు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

రెండు నెలల తర్వాత చిన్నబాపు క్యాంపు నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. తెల్లటి బూట్లు. ఫొటో చూసి కాళ్ళ కొలత అంచనా వేసినట్టున్నాడు, ఒక సైజు పెద్దవి. ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని చెల్లె వాటితోనే రాష్ట్రస్థాయి దాకా ఉరికింది. ఆ పెట్టె అడుగున మా వెబ్‌సైటు పేజీని ప్రింటు తీసిన కాగితం మడతపెట్టి ఉంది. చెల్లె ఫొటో వరకే ఉంది. ఫ్యాన్ల ముచ్చటను చిన్నబాపు కత్తెరతో తిన్నగా కత్తిరించి పడేశాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆ కాగితం చెల్లె ఇంట్లో అద్దం కింద ఉంది.

చెల్లె ఇప్పుడు బెల్లంపల్లి దగ్గర బడిలో ఆటల టీచరు. మొన్న పిల్లల పోటీల్లో, పదో తరగతి ఆడపిల్లలు రెచ్చగొడితే చీర కుచ్చిళ్ళు దోపుకుని వాళ్ళతో పాటు ఉరికి, ఇద్దరిని తప్ప అందరినీ దాటేసింది. నేను అక్కడే ఉండి చూశాను. కూతురు ఫొటో తీసింది. అదే ఎక్కలేదని నాకు ఫోన్ చేసింది. కుదించి పెట్టమని చెప్పాను, బీరకాయలు ఏరుకునే లోపల ఎక్కిపోయింది. అంత సులువు.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు చిన్నగా ఉంది. "మామా, అందరు ఉత్తదే అంటుండ్రు. ఫోన్ల తయారు చేసిన దొంగ ఫొటో అంట. నలభై దాటిన మనిషి గట్ల ఎక్కడ ఉరుకుతదంటుండ్రు. నువ్వు కండ్లార చూసినవు గదా, నాలుగు ముక్కలు రాసియ్యరాదు? నువ్వు చెప్తే నమ్ముతరు."

నేను చెబితే నమ్ముతారట! ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎందుకో కళ్ళు చెమర్చాయి. నా మాట మీద నమ్మకం లేక ఫొటో అడిగిన మనిషి ఒకడుండేవాడు. ఆ ఒక్క ఫొటో కోసం మేము శాలువాల గుంపులో జాగా తవ్వాము. ఇప్పుడు ఎన్ని ఫొటోలకైనా జాగా ఉంది. నమ్మేవాళ్ళే లేక, తిరిగి తిరిగి నా బోటి కోతలరాయుడి సాక్ష్యం కోసం వచ్చారు. చిన్నబాపు ఉంటే ఈ ఫొటోను ఒక్కసారి చూసి, ఉరికింది నిజమా అబద్ధమా అని అడిగేవాడు కాడు. చీర కింద కాళ్ళకు ఏమున్నాయో చూసేవాడు.

ఆ నాలుగు ముక్కలు రాద్దామనే కూర్చున్నాను. ఇంత దూరం వచ్చింది. అందుకని అసలు ముక్క ఇక్కడే రాసి పెడుతున్నాను: మా చెల్లె ఉరికింది, నేను చూశాను, కాళ్ళకు తెల్ల బూట్లున్నాయి.